విశాఖ నుండి జయపురమునకు: దూరమెంత, కాలమెంత?

మన పల్లెలలో దారి అడిగినవానికి దూరము చెప్పువారు తక్కువ. కాలము చెప్పువారే ఎక్కువ. ఫలానా ఊరు ఎంత దూరమని అడిగినచో, 'పూట నడక' అనియో, 'బస్సెక్కితే గంట' అనియో జవాబు వచ్చును. ఇది లెక్క తెలియక వచ్చిన అలవాటు కాదు. బాటసారికి కావలసినది కొలబద్ద మీది అంకె కాదు. పొద్దు క్రుంకులోపల చేరగలనా, లేదా అన్న సంగతి. విమానములు వచ్చిన తరువాత దూరమును కాలమును రెండును అచ్చు అంకెలలో మన చేతికి వచ్చుచున్నవి. రెండు విమానాశ్రయముల మధ్య ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని నిమిషములు అని పట్టికలు చెప్పును. ఆ అంకెలు ఎట్లు పుట్టినవో, అవి ఎంతవరకు నిజమో, ఒక్క దారిని తీసికొని మనము విచారించి చూతము.

విజయనగరము జిల్లాలోని కొత్తవలస ఈ విచారణకు తగిన చోటు. హౌరా – చెన్నై ప్రధాన రైలుమార్గము మీద, విశాఖపట్టణమునకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరములో నున్న జంక్షను ఇది. ఇక్కడ ఒక దారి చీలి, లక్కవరపుకోట, శృంగవరపుకోటల మీదుగా పోయి, అనంతగిరి కొండలెక్కి, బొర్రా, అరకు, కోరాపుట్, జయపురము, జగదల్‌పూర్‌లను దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు సాగును. సముద్రపు ఒడ్డునకును కొండలమీది పీఠభూమికిని నడుమ ఇది ద్వారము వంటి ఊరు. కనుక కొండక్రింద విశాఖ విమానాశ్రయమును, కొండపైన ఒడిశా రాష్ట్రములోని జయపురపు చిన్న విమానాశ్రయమును తీసికొందము. ఈ రెండింటి నడుమ ఎంత దూరము? ఎంత కాలము?

ఆకాశమున దూరము కొలుచుటకు గొలుసులు పట్టుకొని ఎవ్వరును పోనక్కరలేదు. ప్రతి విమానాశ్రయమునకును అక్షాంశ రేఖాంశములు నిర్ణయింపబడి యున్నవి. విశాఖ విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 17 డిగ్రీల 43 నిమిషములు, తూర్పు రేఖాంశము 83 డిగ్రీల 13 నిమిషముల దగ్గర నున్నది. జయపురము విమానాశ్రయము 18 డిగ్రీల 53 నిమిషములు, 82 డిగ్రీల 33 నిమిషముల దగ్గర నున్నది. అనగా ఉత్తరముగా 70 నిమిషములు, పడమరగా 40 నిమిషములు జరుగవలెను. మన ప్రాంతమున అక్షాంశపు డిగ్రీ ఒకటికి సుమారు 110.6 కిలోమీటర్లు, రేఖాంశపు డిగ్రీ ఒకటికి సుమారు 105.6 కిలోమీటర్లు. కాబట్టి ఉత్తరమునకు 129 కిలోమీటర్లు, పడమరకు 70 కిలోమీటర్లు. ఇక మిగిలినది బడిలో నేర్చుకొన్న లంబకోణ త్రిభుజపు లెక్కయే. ఆ రెండు భుజములకు కర్ణము సుమారు 147 కిలోమీటర్లు. విమానచోదకుల భాషలో 79 నాటికల్ మైళ్లు. దూరమెక్కువైనచో భూమి గుండ్రదనమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. ఇంత చిన్న దూరమునకు ఆ భేదము గణింపదగినది కాదు.

ఈ 147 కిలోమీటర్లు నిన్నను ఇంతే. వేయి సంవత్సరముల క్రిందటను ఇంతే. మారుచు వచ్చినది కాలము ఒక్కటే. అది ఎట్లు మారినదో చూచినచో, ఈ రెండూళ్ల చరిత్ర చాలవరకు తెలియును.

పూర్వము మనవారు దారిని ఆమడలతో కొలిచెడివారు. ఆమడ అనగా నాలుగు క్రోసులు, ఇంచుమించు ఎనిమిది మైళ్లు. ఆ లెక్కన విశాఖకును జయపురమునకును నడుమ సరళరేఖలో పదకొండు ఆమడల పైచిలుకు. కాని సరళరేఖలో నడువగలవారు లేరు. నడుమ తూర్పు కనుమలున్నవి. ఆ కొండలలో జిందగడ, దేవమాలి వంటి శిఖరములు 1,600 మీటర్లకు మించినవి. సముద్రతీరపు ఉప్పును లంబాడీలు ఎడ్లమీద వేసికొని కనుమలెక్కి పీఠభూమికి చేర్చి, అక్కడి ధాన్యమును క్రిందికి తెచ్చెడివారు. బరువు మోయు ఎడ్లకు దినమునకు ఆమడ నడకయే గొప్ప. వానకాలమున కొండదారి సాగనే సాగదు. కనుక ఆనాటి లెక్కలో జయపురము పదునొకండు ఆమడల ఊరు కాదు. వారముల ప్రయాణము గల ఊరు.

ఆనాడు కాలమును నిర్ణయించినది మజిలీ. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో మన ఉత్తరాంధ్ర తీరము మీదుగా వచ్చి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. ఆ యాత్రను వ్రాసిన గ్రంథములో దారిపొడవున ఆమడలను గుర్తించిరి. అంతమాత్రమే కాదు, ఊరిలో బస దొరకునా, సరకులు దొరకునా, బాట ఎట్టిది అన్న సంగతులను కూడ వ్రాసిరి. దూరము ఒక్కటే తెలిసినచో చాలదని ఆయనకు పదిహేను మాసముల నడక నేర్పినది.

విశాఖకును జయపురమునకును గల సంబంధము ఉప్పు బేరముతో ముగిసినది కాదు. జయపురము సంస్థానము చిరకాలము విశాఖపట్టణము జిల్లాలోని భాగము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు అది కోరాపుట్ జిల్లాగా అటు చేరినది. పాలనపు గీత మారినను ప్రజల రాకపోకలు మారలేదు. జయపురాధీశుడు విక్రమదేవవర్మ వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చేసిన భూరి విరాళములు తెలుగువారికి తెలిసినవే. అక్కడి శాస్త్ర సాంకేతిక కళాశాల ఆయన పేరనే వెలసినది. చదువునకు, వైద్యమునకు, వ్యాపారమునకు కొండమీదివారు నేటికిని విశాఖకే దిగి వచ్చుచున్నారు. కనుక ఈ దారిలో కాలము తగ్గుట అన్నది వినోదపు మాట కాదు. రోగితో బయలుదేరిన కుటుంబమునకు అది ప్రాణముతో ముడిపడిన మాట.

తరువాత రైలు వచ్చినది. తీరము వెంబడి ప్రధానమార్గము 1890లలోనే పడినది. బొబ్బిలి నుండి సాలూరు వరకు శాఖామార్గము 1913లో తెరువబడినది. దానితో రైలు కొండ అడుగుభాగమును తాకినది గాని ఎక్కలేదు. సాలూరులో దిగి, పొట్టంగి కనుమదారిన బండిలోనో మోటారులోనో పోవలసినదే. పార్వతీపురము మీదుగా విజయనగరము – రాయపూరు మార్గము 1931 నాటికి పూర్తియైనది. 1933లో విశాఖ రేవు తెరువబడినది. ఆ మార్గమును జయపురమునకు దూరముగనే పోయినది.

కొండ ఎక్కిన రైలు కొత్తవలస నుండి బయలుదేరినదే. అది బాటసారుల కొరకు వేసిన దారి కాదు. బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి జపాను ఉక్కు కర్మాగారములకు పంపవలెనని 1960లో దండకారణ్య రైలు పథకము చేపట్టబడినది. కొత్తవలస – కిరండూల్ మార్గము దాదాపు 445 కిలోమీటర్ల పొడవున 1966–67లో తెరువబడినది. యాభైకి మించిన సొరంగములు, లెక్కకు మిక్కిలియైన వంతెనలు కట్టవలసి వచ్చినది. సిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. రాతికొరకు వేసిన ఆ దారిమీదనే ఒక ప్యాసింజరు బండి కూడ నడచుటతో, ఉదయమున విశాఖలో ఎక్కినవారు అపరాహ్ణమునకు జయపురములో దిగగలిగిరి. మెలికలు తిరుగుటచేత రైలుదారి రెండువందల కిలోమీటర్లకు మించినది. అయినను వారములు గంటలైనవి. కొండలలోని కుటుంబములకు ఇది ఎంతటి మార్పో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ఆకాశమార్గము. దాని చరిత్ర మనదేశమున చాల చిన్న దూరముతో ఆరంభమైనది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుండి యమునకు ఆవలనున్న నైనికి ఆంరీ పెకే అను ఫ్రెంచి చోదకుడు సుమారు 6,500 ఉత్తరములతో ఎగిరెను. దూరము పది కిలోమీటర్ల లోపు. పట్టినది పదమూడు నిమిషములు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి తపాలా సంచులతో బయలుదేరి, అహమదాబాదులో దిగి, బొంబాయి చేరిరి. అక్కడి నుండి నెవిల్ వింట్సెంట్ ఆ సంచులను తీసికొని, బళ్లారిలో రాత్రి ఆగి, మరునాడు మదరాసు చేర్చెను. అహమదాబాదులో విమానమునకు పోయవలసిన పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చినవట. ఈ చిన్న సంగతిలో విమానయానపు రహస్యమంతయు ఇమిడియున్నది. ఎగురునది ఎంత వేగముగ ఎగిరినను, నేలమీది ఎడ్లబండి వచ్చువరకు అది కదలదు.

ఇప్పుడు జయపురము లెక్కకు వత్తము. ఈ దారికి ఉపయోగించిన తొమ్మిది మంది ప్రయాణికుల సెస్నా విమానము గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగముతో పోగలదు. 147 కిలోమీటర్లకు అరగంట చాలును. కాని పట్టికలో అరగంట వ్రాయరు. విమానము నిలిచిన చోటినుండి కదలిన క్షణము మొదలు, అవతల నిలిచిన క్షణము వరకు గల కాలమును పట్టికలో లెక్కింతురు. రన్‌వే వరకు నేలమీద నడుచుట, అనుమతికి ఆగుట, ఎత్తునకు ఎక్కుట, దిగునప్పుడు వేగము తగ్గించి చుట్టు తిరిగి వచ్చుట, ఇవన్నియు అందులో చేరును. కనుక అరగంట ముప్పావుగంటగా మారును. పెద్ద విమానములకును ఇదే న్యాయము. విశాఖ నుండి హైదరాబాదునకు ఆకాశమున సుమారు 510 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు పోవు జెట్టునకు నలుబది నిమిషములైనను అక్కరలేదు. కాని పట్టికలో గంటకు పైగా కనబడును.

గాలి మాట ఏమని అడుగవచ్చును. ఎదురుగాలి గంటకు 30 కిలోమీటర్లు వీచినచో మన చిన్న విమానపు వేగము 270కి తగ్గును. అప్పుడు ముప్పది నిమిషముల దారికి ముప్పదిమూడు నిమిషములు పట్టును. అనగా నష్టము మూడు నిమిషములే. సముద్రములు దాటు దూరప్రయాణములలో గాలి గంటలను తినివేయును గాని, ఇరుగుపొరుగు జిల్లాల నడుమ దాని బలము చాలదు. అంతకంటె మబ్బు బలమైనది. జయపురము దాదాపు ఆరువందల మీటర్ల ఎత్తున, కొండల నడుమ నున్నది. చిన్న విమానాశ్రయములలో చోదకుడు చాలవరకు తన కంటిచూపు మీదనే ఆధారపడి దిగవలెను. వర్షాకాలమున మేఘములు కొండలమీదికి దిగినచో ప్రయాణము ఆలస్యమగుట కాదు, అసలు ఆగిపోవును. లంబాడీల ఎడ్లను ఆపిన వానయే విమానమును కూడ ఆపుచున్నది.

నేలమీది కాలమును కూడ లెక్కింపవలెను. కొత్తవలస నుండి ఒక కుటుంబము బయలుదేరినదనుకొందము. విమానాశ్రయము చేరుటకు ఒక గంట. తనిఖీల కొరకు ముందుగ ఉండవలసినది ఒక గంట. ఎగురుటకు ముప్పావుగంట. దిగి ఊరిలోనికి పోవుటకు మరికొంతసేపు. మొత్తము మూడు గంటలకు పైమాటే. అందులో ఆకాశమున గడచినది నాలుగవ వంతు మాత్రమే. అయినను రైలుతో పోల్చినచో సగము రోజు మిగులును. కాని ఈ లెక్క విమానము ఉన్న రోజున మాత్రమే చెల్లును. అది ఎల్లుండి గాని లేదన్నచో, నేడు ఉదయపు బండి ఎక్కినవారే ముందు చేరుదురు. పట్టికలోని ముప్పావుగంట అప్పుడు ఎవరికిని ఉపయోగింపని అంకె.

ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. చిన్న ఊళ్ల నడుమ విమానములు నడుపుటకు కేంద్రప్రభుత్వము 2016లో ఉడాన్ పథకమును ప్రకటించినది. 2017 ఏప్రిల్ 27న దాని తొలి సర్వీసులు మొదలైనవి. వానిలో మన కడప – హైదరాబాదు కూడ ఒకటి. సుమారు 500 కిలోమీటర్లను ఒక గంటగా భావించి, విమానములో సగము సీట్లకు 2,500 రూపాయలకు మించకుండ టికెట్టు నిర్ణయించిరి. నష్టమును పూడ్చుటకు మూడేండ్లపాటు సాయము ఇచ్చునట్లు ఏర్పాటు చేసిరి. ఈ పథకము క్రిందనే 2022 అక్టోబరులో భువనేశ్వరము నుండి జయపురమునకు, 2023లో విశాఖ నుండి జయపురమునకు చిన్న విమానములు ఎగిరినవి. ఇది సంతోషింపదగిన సంగతి. కాని ఇట్టి మార్గములు ఎన్ని నిలుచుచున్నవో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో లెక్కతీసి చూపిరి. పథకపు తొలి విడతలలో 774 మార్గములు కేటాయింపగా 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేండ్ల గడువు నిండినవి 112. ఆ మీదట 2023 మార్చి నాటికి నిలిచియున్నవి 54 మాత్రమే.

దీనికి కారణములు దూరములో లేవు, నేలమీదనే ఉన్నవి. తొమ్మిది సీట్ల విమానమునకు ఖర్చు చాల, ఆదాయము కొంచెము. ఒక్క విమానము మరమ్మతునకు పోయినచో దాని స్థానమున నిలువగల రెండవది ఉండదు. రెండు పర్యాయములు ప్రయాణము రద్దయినచో ప్రయాణికుడు మూడవసారి బస్సునే నమ్ముకొనును. అతడు రాకపోవుటచేత సర్వీసు మరింత క్షీణించును. రైలు బండి నిలిచినది ఇనుపరాతి బలముమీద. ప్రయాణికులు పదిమంది ఉన్నను వందమంది ఉన్నను ఆ పట్టాలు అక్కడనే ఉండును. అట్టి ఆధారమేదియు లేని ఆకాశమార్గమునకు ప్రజల నమ్మకమొక్కటే పట్టా.

విమానాశ్రయము చోటు మారినప్పుడును ఇదే న్యాయము వర్తించును. హైదరాబాదులో 2008 మార్చి 23న సర్వీసులు బేగంపేట నుండి శంషాబాదునకు మారినవి. విశాఖ నుండి ఆకాశమున పెరిగిన దూరము సుమారు ఆరు కిలోమీటర్లు. జెట్టునకు అది అరనిమిషపు పని. సికింద్రాబాదు వాసికి మాత్రము ఊరిమధ్య నుండి ఊరిబయటకు పోవు దూరము పెరిగినది. మెహిదీపట్నము వైపు నుండి 11.6 కిలోమీటర్ల పై వంతెనదారి 2009 అక్టోబరులో తెరువబడిన తరువాతనే ఆ భారము కొంత తగ్గినది.

విశాఖ కథయు ఇట్టిదే. 1981లో రోజుకొక్క విమానముతో పౌరసేవలు సాగిన చోట, 2007లో పదివేల అడుగుల కొత్త రన్‌వే వచ్చినది. నౌకాదళముతో పంచుకొనవలసిన ఆ చోటు చాలదని, విజయనగరము జిల్లా భోగాపురము దగ్గర కొత్త విమానాశ్రయమునకు సంకల్పించి, 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరొకసారి శంకుస్థాపన చేసిరి. దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. భోగాపురము నుండి జయపురమునకు మన త్రిభుజపు లెక్క వేసినచో సుమారు 140 కిలోమీటర్లు వచ్చును. ఆకాశమున ఏడు కిలోమీటర్లు తగ్గుట పెద్ద లాభము కాదు. కాని నేలమీద భేదము చాల ఉన్నది. శ్రీకాకుళము, విజయనగరము వాసులకు అది దగ్గర. కొత్తవలసకు పాత విమానాశ్రయము సరళరేఖలో ఇరువది కిలోమీటర్ల లోపు; భోగాపురము ముప్పదికి పైన. గాజువాక వాసికి మరింత దూరము. కనుక కొత్త విమానాశ్రయము దగ్గరా దూరమా అన్న ప్రశ్నకు జవాబు రన్‌వే పొడవులో లేదు. అక్కడికి పోవు రోడ్డులోను, ఆ రోడ్డుమీద వేళకు నడుచు బస్సులోను, రైలు స్టేషనుతో దానికి గల కలయికలోను ఉన్నది.

ఇన్ని తరముల అనుభవమును కూర్చి చూచినచో ఒక్క సత్యము తేలుచున్నది. దూరమును భూగోళము నిర్ణయించినది. కాలమును మనుష్యులు నిర్ణయించుచున్నారు. వీరాస్వామయ్య కాలములో అది బసతో నిర్ణయమైనది. రైలు కాలములో సొరంగములు త్రవ్విన కూలీల శ్రమతో నిర్ణయమైనది. నేడు అది సర్వీసు నిలుకడతో నిర్ణయమగుచున్నది. రెండు విమానాశ్రయముల నడుమ నిమిషములు ఎన్ని అని పాలకులను అడిగి ఊరకుండిన చాలదు. వారమునకు ఎన్ని రోజులు విమానమున్నది, వానకాలమున దిగుటకు సాధనములేవి, సాయపు గడువు ముగిసిన తరువాత ఏమగును, స్టేషను నుండి రన్‌వే వరకు దారి ఏది అని కూడ అడుగవలెను. ఈ ప్రశ్నలకు సరియైన జవాబులు వచ్చిననాడు విశాఖ నుండి జయపురమునకు 147 కిలోమీటర్లు నిజముగ ముప్పావుగంట దూరమగును. అంతవరకు కొత్తవలస మీదుగా కొండ ఎక్కు బండి వేళను మన గృహస్థులు జ్ఞాపకముంచుకొనుట మేలు.